తోక మీద ఏడు, ఒంటి మీద నాలుగు

చేతులకి గ్రీజు లేకుండా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, కోటప్పకొండ వైపు తిరిగి నిలబడి ప్రమాణం చేస్తున్నాను: కింద రాసేదంతా నిజం. ఒక్క అక్షరం కల్పన లేదు.

నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. నవ్వనివ్వండి. నరసరావుపేటలో నా మాటకి ఉన్న విలువ నాకు తెలియంది కాదు. టీ కొట్టు దగ్గర నేను నోరు తెరిస్తే పక్క బల్లవాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని ఇటు జరుగుతారు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్కడూ నమ్మి వెళ్ళడు. అందుకే ఈసారి కొండ మీద ఒట్టు పెట్టాల్సి వచ్చింది.

పంటలకి మందు కొట్టే హెలికాప్టర్లకి మెకానిక్‌గా పనిచేశాను. యాభై నిండకముందే కుడి చెవి పూర్తిగా పోయి, ఎడమది సగం పోయి, రిటైరయ్యాను. ఈ మధ్య మన వైపు కుర్రాళ్ళు ఐ.టి.ఐ. చదివి ఈ పనిలోకి వెళ్తామంటూ నా ఇంటికి వస్తున్నారు. ఒక్కొక్కడికి విడిగా చెప్పే ఓపిక లేదు. అడిగింది వినపడదు కూడా. అందుకని రాస్తున్నాను.

ఎగరడం కాదు, కడగడం

మావి ముసలి హెలికాప్టర్లు. ముందు గాజు బుడగ లాంటి తల, లోపల ఇరుక్కుని కూర్చునే బెంచీ, వెనక ఇంజను, ఆ వెనక ఇనప గొట్టాలు నిచ్చెనలా అతికించిన తోక. తోక చివర చిన్న పంకా. పైన రెండు పొడుగు రెక్కలు. ఎక్కడో మిలిటరీలో పుట్టి, అక్కడ పని తీరిపోయి, నలుగురి చేతులు మారి మా కంపెనీకి చేరాయి. కంపెనీ పేరు ఎందుకులెండి, అది ఇప్పుడు లేదు.

పత్తికి పురుగు ముదిరి, రైతులు చేతి పంపులతో కొట్టీ కొట్టీ విసిగిపోయిన ఏడాది మమ్మల్ని పిలిచేవాళ్ళు. కారంపూడి, మాచవరం, అచ్చంపేట, ఎక్కడ పిలిస్తే అక్కడ డేరా. గాలి లేవకముందు తెల్లారగట్ల ఎగరాలి. గాలి లేచాక ఒకడి చేలో కొట్టింది పక్కవాడి గేదె మీద పడుతుంది. పైలట్ గాల్లో గంట ఉంటే మేము కింద ఆరు గంటలు కడిగేవాళ్ళం. మందు గొట్టాలు, చిమ్మే మూతులు, గాజు తల, రెక్కల అంచులు. మందు వాసన చొక్కాకి పట్టి, చర్మానికి పట్టి, చివరికి అన్నానికి పట్టేది. మా ఆవిడ నా బట్టలు విడిగా వేరే బకెట్లో వేసేది. నన్ను వెయ్యడానికి సరిపోయే బకెట్ లేదని ఊరుకుంది.

హెలికాప్టర్ మెకానిక్ అంటే ఆకాశానికి సంబంధించిన ఉద్యోగం అనుకోకండి. గుడ్డపేలికకి సంబంధించిన ఉద్యోగం. ఇంజను కన్నా ముందు నడుం అరుగుతుంది.

మిరపకాయలు, పచ్చజెండా

ఈ రెండూ చెప్పకపోతే ఊళ్ళో వాళ్ళు నేను రాశానంటే నమ్మరు.

ఒక ఏడాది మాచవరం దగ్గర, మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజుల్లో, మా పైలట్ నీడ బాగుందని ఒక కళ్ళం పక్కన దిగాడు. ఆయన ఉత్తరాది మనిషి, ఆ ఎర్రటిది ఏమిటో తెలుసుకునే ప్రయత్నం చెయ్యలేదు. రెక్కల గాలికి కళ్ళం మొత్తం లేచింది. ఆకాశం కాసేపు ఎర్రగా అయింది. ఊరంతా తుమ్మింది. మనుషులు, గొడ్లు, బస్సులో వాళ్ళు, బస్సు ఆపి దిగిన కండక్టరు, అందరూ. పైలట్ తుమ్ముతూ తుమ్ముతూ మళ్ళీ పైకి లేపాడు, ఎందుకంటే కింద ఆ కళ్ళం ఆసామి భార్య చీపురుతో పరిగెత్తుకుంటూ వస్తోంది. రెండు రోజులు మా బృందమంతా పొలాల్లో మిరపకాయలు ఏరాం. ఆవిడ గట్టు మీద కూర్చుని, "అదిగో ఆ తుమ్మ కింద రెండున్నయ్, కళ్ళు కనపడట్లా?" అంటూ లెక్క చూసుకుంది.

రెండోది, దారి తప్పిన సంగతి. దిక్సూచి పాడైతే మా పైలట్ గుంటూరు నుంచి రైలు పట్టా పట్టుకుని మాచర్ల వైపు వెళ్ళాడు. ప్రతి స్టేషన్ దగ్గరా కిందికి దిగి బోర్డు చదివి మళ్ళీ లేచాడు. నడికుడిలో స్టేషన్ మాస్టరు బయటికి వచ్చి, కాసేపు ఆలోచించి, పచ్చజెండా ఊపాడు. పట్టా మీద వచ్చేది ఏదైనా జెండా లేకుండా వదలడానికి ఆయన ఉద్యోగం ఒప్పుకోదు మరి.

సరే. ఇక అసలు సంగతి.

ఇన్నయ్య మాస్టారు

మాచర్లలో ఒక మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, ఇన్నయ్య గారు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఆయనకి మా రకం హెలికాప్టర్ల పిచ్చి. ఎగరాలని కాదు. ఒక్కసారి కూడా ఎక్కలేదు, పిలిచినా రాలేదు. ఆయనకి కావలసింది వాటి చరిత్ర.

ఆ రకం ప్రతి యంత్రానికీ ఫ్యాక్టరీలో ఒక పుట్టుక నంబరు వేస్తారు. సీటు వెనక ఫ్రేముకి బిగించిన ఇత్తడి బిళ్ళ మీద అది చెక్కి ఉంటుంది. ఎవరు కొన్నారు, ఎవరికి అమ్మారు, ఏ దేశం వచ్చింది, ఎక్కడ కూలింది, ఎవరి పెరట్లో తుప్పు పడుతోంది, ఇదంతా వరసగా రాసేవాళ్ళు లోకంలో కొందరున్నారు. కారంపూడిలో వీరుల కథ పాడేవాళ్ళు వంశాలు ఏకరువు పెట్టినట్టు వీళ్ళు యంత్రాల వంశాలు చెబుతారు. ఇంగ్లండులో రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన అన్ని దేశాల వాళ్ళ ఉత్తరాలూ కలిపి మూడు నెలలకొక చిన్న పత్రిక వేసేవాడు. దక్షిణాది కబురు పంపేది మా ఇన్నయ్య మాస్టారు. పత్రిక వెనక పేజీలో చిన్న అక్షరాలతో ఆయన పేరు, కింద మాచర్ల అని ఊరి పేరు వేసేవాళ్ళు. ఆ పేజీ నాకు చూపించేటప్పుడు ఆయన వేలు పేరు మీద ఉండేది కాదు, మాచర్ల మీద ఉండేది.

మాకు అప్పుడు ఎనిమిది హెలికాప్టర్లు. ఒకటి నుంచి ఎనిమిది దాకా తోక మీద నంబర్ ప్లేటు. మాస్టారు సెలవు దొరికితే టిఫిన్ క్యారియర్ పట్టుకుని బస్సెక్కి, మేము ఎక్కడ డేరా వేస్తే అక్కడికి వచ్చి, చూసింది పొడుగాటి నోటుబుక్కులో నీలం పెన్నుతో రాసుకునేవాడు. ఎర్ర పెన్ను తప్పు దిద్దడానికి. ఆ నోటుబుక్కులో ఎరుపు ఎక్కడా లేదు. ఆయన గొప్ప అదొక్కటే.

ఆదివారం పొద్దున చర్చిలో పూజ అయ్యాక ఆయన నరసరావుపేట వచ్చేవాడు. మా హెడ్ మెకానిక్ మస్తాన్ వలీ ఇంటి అరుగు మీద ముగ్గురం కూర్చునేవాళ్ళం. మస్తాన్ వాళ్ళది తరాలుగా రేకు పని చేసే కుటుంబం. ఇనప గొట్టాన్ని ముట్టుకుని, దీన్ని ఎప్పుడు అతికారో చెప్పగలడు. మాస్టారు అడిగేవాడు, మస్తాన్ చెప్పేవాడు, నేను మధ్యలో కోతలు కోసేవాణ్ణి. "ఇది నోటుబుక్కులోకా, గాల్లోకా?" అని అడిగేవాడు మాస్టారు. గాల్లోకి అంటే పెన్ను మూసేవాడు. ఆయన దగ్గర మాత్రం నేను ఎప్పుడూ ఆ ప్రశ్నకి నిజమే చెప్పాను. ఒక్కసారి తప్ప.

నాలుగు స్క్రూలు

కారంపూడి దగ్గర నాలుగో నంబరు దిగుతూ తుమ్మచెట్టుకి తోక తగిలించుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ తోక గొట్టాలు వంగిపోయాయి. పత్తి మీద పురుగు ఉధృతంగా ఉంది, రైతులు వరసలో ఉన్నారు. ఏడో నంబరు నరసరావుపేట షెడ్డులో ఇంజను విప్పి పడుకుని ఉంది. ఆ సీజనులో అది ఎగరదని ఢిల్లీకి రాసి పంపేశారు.

మా చీఫ్ ఫోన్ చేశాడు. ఏడో దాని తోక లారీలో వేసి పంపిస్తున్నాను, నాలుగుకి తగిలించి రేపటికి ఎగరనివ్వండి అన్నాడు. తోక మార్చడం తప్పు కాదు, మా పనిలో అది మామూలే. కానీ మార్చినట్టు లాగ్ బుక్కులో రాయాలి, నంబర్ ప్లేటు మార్చాలి. రాత సంగతి తర్వాత చూద్దాం అన్నాడు చీఫ్. ఆయన గురించి ఒక్కమాట చెబుతాను. చెడ్డవాడు కాదు. ఆయనకి అన్నీ తర్వాతే. ఈ పనిలో చెడ్డ పై అధికారి కన్నా తర్వాత అధికారి ప్రమాదం. చెడ్డవాడి దగ్గర జాగ్రత్తగా ఉంటాం.

మస్తానూ నేనూ సాయంత్రానికి తోక బిగించాం. నంబర్ ప్లేటు చిన్న రేకు. నాలుగు స్క్రూలు. పది నిమిషాల పని. మస్తాన్ చేతులు తుడుచుకుంటూ, "ప్లేటు మార్చు భాయ్, మరిచిపోతావ్" అన్నాడు. నడుం పట్టేసి ఉంది. రేపు మారుస్తాలే అన్నాను.

అక్కడి నుంచి మాచవరం వెళ్ళాం. రోజూ తెల్లారగట్ల లేవడం, కడగడం. రేపు అనేది రాలేదు. నాలుగో దాని ఒళ్ళు ఏడో నంబరు పెట్టుకుని పన్నెండు రోజులు ఎగిరింది.

ఆ మధ్యలో మాస్టారు వచ్చాడు. పత్తి చేల గట్టు మీద నిలబడి తోక చూశాడు. ఆయన మొహం వెలిగింది. షెడ్డులో పడుంది అనుకున్నది లేచి తిరుగుతుంటే ఆయనకి చుట్టం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినట్టు.

"ఏడుకి ఇంజను బాగైందా అబ్బాయ్?" అన్నాడు.

నేను మందు గొట్టం కింద పడుకుని ఉన్నాను. సరదా పుట్టింది. అలిసిపోయిన మనిషికి పుట్టే సరదా ఉంటుందే, అది. "చానా బాగైంది మాస్టారూ. పరుగులు పెడతంది" అన్నాను.

"నోటుబుక్కులోకేనా?"

"నోటుబుక్కులోకే."

రాసుకున్నాడు. ఆదివారం అరుగు మీద అసలు సంగతి చెప్పి నవ్వుదాం, ఆయన ఎర్ర పెన్ను మొదటిసారి మూత తీస్తుంటే చూద్దాం అనుకున్నాను. ఆ ఆదివారం మేము అచ్చంపేటలో ఉన్నాం. పై ఆదివారం ఇంకెక్కడో. సీజను అయ్యేసరికి నాలుగుకి దాని సొంత తోక బాగై వచ్చింది, ప్లేట్లు వాటి చోట్లకి అవే చేరాయి. నేను మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. కోతలు కోసేవాడి బతుకులో అదే కష్టం, ఏది ఎవరికి చెప్పామో గుర్తుండదు.

ఆఫీసరు వచ్చిన రోజు

మాస్టారు ఉత్తరం ఇంగ్లండు వెళ్ళింది. పత్రికలో పడింది: ఏడో నంబరు, మాచవరం, ఎగురుతోంది. ఆ పత్రిక తెప్పించుకునే వాళ్ళలో ఢిల్లీలో ఒకాయన ఉన్నాడు. ఆయన ఉద్యోగం ఎగరని యంత్రాల కాగితాలు చూడటం.

ఎండాకాలంలో ఆ ఆఫీసరే వచ్చాడు. మర్యాదస్తుడు. ఎగరదని మీరు రాసిచ్చిన హెలికాప్టర్ ఎగిరిందని అచ్చులో ఉంది, ఇదేమిటి అన్నాడు. చీఫ్ నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. ఆయన మొహం చూస్తే జాలేసింది. తోక మార్చి రాయలేదని తేలితే ఆయన లైసెన్సు, నా లైసెన్సు, మస్తాన్ లైసెన్సు మూడూ పోతాయన్నాడు. మస్తాన్‌కి ఆ నెలలోనే కూతురి పెళ్ళి. ఇది నేను సాకుగా చెప్పడం లేదు. చెబుతున్నానంతే.

మాస్టారుని మాచర్ల నుంచి పిలిపించారు. బడి సెలవుల్లో కూడా అదే తెల్ల చొక్కా. నోటుబుక్కు తెచ్చాడు. ఆఫీసరు పేజీ చూశాడు. తర్వాత నన్ను అడిగాడు, ఆ రోజు మాచవరంలో ఎగిరింది ఏ నంబరు అని.

నేను జవాబు చెప్పేలోపు మాస్టారే నా వైపు తిరిగాడు. ఆయన కంగారు పడలేదు. నా దగ్గర జవాబు ఉందని ఆయనకి తెలుసు, అంతే.

"చెప్పు అబ్బాయ్. నేను చూసింది ఏడే గదా?"

"నాలుగు మాస్టారూ" అన్నాను. "మీకు ఎండలో ఏడులా కనపడుంటది."

మస్తాన్ నేల వంక చూస్తున్నాడు. ఆఫీసరు రాసుకుంటున్నాడు. మాస్టారు నా వంక చూశాడు. కోపంగా కాదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతికే చూపు.

"అదేంది" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు రోజూ దాని కిందే పడుకునేవాడివి. నీకు తెలవకుండా ఎట్టుంటది. నా కళ్ళే అయ్యుంటయ్."

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. స్కేలు అడిగాడు. షెడ్డులో స్కేలు లేకపోతే ఇనప పట్టీ ఇచ్చాను. నేనే ఇచ్చాను. ఆ వరస మీద తిన్నగా గీత గీసి, పక్కన 'చూపు పొరపాటు' అని రాసి సంతకం పెట్టాడు.

నేను చెప్పింది ఒక విధంగా నిజమే చూడండి. ఒళ్ళు నాలుగుదే, ఇత్తడి బిళ్ళ నాలుగుదే. కుర్రాళ్ళూ, ఈ పనిలో మీకు చాలాసార్లు ఇలాంటి నిజం చేతికి అందుతుంది. గొట్టం లోపల చీలినా పైన రంగు బాగున్నట్టు ఉంటుంది. దాన్ని ఎగరనివ్వకండి.

ముగ్గురి లైసెన్సులూ మిగిలాయి. మాస్టారు గుంటూరు వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకున్నాడు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడట. దాంతో ఇంకా కుంగిపోయాడు. కళ్ళు బాగుండి కూడా తప్పు చూశాడంటే తప్పు ఇంకెక్కడో ఉందనుకున్నాడు. ఇంగ్లండుకి తనే ఉత్తరం రాసి, నా కబురు ఇక నమ్మవద్దు, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాడు. పత్రిక వెనక పేజీలో మాచర్ల పోయింది. బళ్ళో పరీక్ష పేపర్ల మార్కులు మూడేసి సార్లు కూడటం మొదలుపెట్టాడని వాళ్ళ హెడ్ మాస్టరు మస్తాన్‌తో చెప్పాడు. ఆదివారాలు రావడం మానేశాడు. మస్తాన్ ఆ తర్వాత నాతో పని గురించి మాట్లాడాడు గానీ, అరుగు మీదికి పిలవలేదు.

మాచర్ల వెళ్ళాను

రిటైరైన నెలలో మాచర్ల బస్సెక్కాను. మాస్టారు ఇంట్లోనే ఉన్నాడు. ముందు గుర్తుపట్టలేదు, తర్వాత కుర్చీ వేశాడు. తోక సంగతి, ప్లేటు సంగతి, గొట్టం కింద పడుకుని ఆడిన అబద్ధం, అంతా చెప్పేశాను. ఆయన నా చెవి పోయిన వైపు కాకుండా ఇటు వైపు వచ్చి కూర్చుని, "నాలుగు స్క్రూలేనా?" అన్నాడు. నాలుగే అన్నాను. "సైజెంత?" అన్నాడు. చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు. పెట్టెలోంచి నోటుబుక్కు తీసి, గీత కింద నీలం పెన్నుతో మళ్ళీ ఆ వరస రాశాడు. వాళ్ళావిడ టీ ఇచ్చింది. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

ఒప్పుకోలు

కొండ మీద ఒట్టు పెట్టాను గనక చెప్పాలి. పైన ఒకటి కల్పించాను.

మిరపకాయలు కాదు. అది నిజం, మాచవరంలో ఎవరినైనా అడగండి, ఇప్పటికీ తుమ్ముతారు. పచ్చజెండా కూడా నిజమే, ఊపింది స్టేషన్ మాస్టరు కాదు, గేటు కాసేవాడు. అంతవరకు క్షమించండి.

కల్పించింది మాచర్ల. నేను వెళ్ళలేదు. బస్సెక్కిన మాట నిజం, రెండుసార్లు ఎక్కాను. ఒకసారి గురజాలలో దిగిపోయాను, ఒకసారి రెంటచింతలలో. ఆయన నవ్వింది లేదు, టీ లేదు. ఇంత తేలిగ్గా నవ్వేసి ఉంటే బాగుండునని నేను రాసుకున్నదే అదంతా. రేపు తప్పకుండా వెళ్తాను అని ముగించాలని ఉంది. కానీ ఇంకో అబద్ధానికి ఇక్కడ చోటు లేదు.

అందుకని ఆయన చేత నేను గీయించిన గీతకి సవరణ అచ్చులోనే రాస్తున్నాను. మాచవరం, పత్తి చేల గట్టు, కార్తీకంలో ఒక పొద్దున. ఒళ్ళు నాలుగుది, తోక ఏడుది, ప్లేటు ఏడుది. మార్చనిది నేను, చెప్పనిది నేను. ఇన్నయ్య మాస్టారు చూసింది చూసినట్టే రాశాడు.

స్క్రూల సైజు ఇక్కడ రాయడం లేదు. ఆయన ఉత్తరం రాసి అడిగితే చెబుతాను.